ఇంటి పెద్ద గతించిన పిమ్మట న్యాయవాదిని ఎన్నుకొనుట

(గ్రామసభలో చదివిన ప్రసంగ పాఠము)



మన పీఠభూమిలో వానను గూర్చి, బోరును గూర్చి, వేరుసెనగ ధరను గూర్చి మాటలాడుకొనని దినము లేదు. ఇంటి యజమాని గతించినపుడు ఆయన పేరిట ఉన్న భూమి ఎవరికి చేరవలెనను విషయమున మాత్రము, దినకర్మలు ముగియువరకు ఎవరును నోరు విప్పరు. ముగిసిన మరునాడు అందరును ఒక్కసారిగా మాటలాడుదురు. ఆ సందడిలో ఒక బంధువు ముందునకు వచ్చి "నాకు తెలిసిన వకీలు ఉన్నాడు. అంతయు నేను చూచుకొందును. మీరు సంతకములు చేయుడు, చాలును" అనును. భర్తను పోగొట్టుకొని దుఃఖములో ఉన్న ఇల్లాలు అది ఏ కాగితమో అడుగక వ్రేలిముద్ర వేయును. చిక్కు అక్కడనే మొదలగును.

నేడు మేము చెప్పదలచిన మాట ఒక్కటియే. న్యాయవాది ఇంటివారందరి పక్షమునను నిలుచువారు కారు. తమకు వకాలతు వ్రాసియిచ్చిన వారి పక్షమున నిలుచువారు. కనుక వారసులలో ఎవరి వాటాకు ముప్పు ఎక్కువయో వారు, అనగా సాధారణముగా భార్య, తల్లి, పెండ్లియైన కుమార్తె, తామే స్వయముగా పోయి, తామే మాటలాడి, న్యాయవాదిని ఎన్నుకొనవలెను.

పట్టాలో పేరు ఎందుకు ముఖ్యము

మనది పడమటి కనుమల చాటున ఉన్న సీమ. నైరుతి ఋతుపవనము ఆ కనుమలను దాటి బలము తగ్గి వచ్చును. తూర్పు తీరము దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము చాలినంతగా చేరదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపవలసి యున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినను, మడకశిర రైతు కష్టమునకును కల్యాణదుర్గం రైతు కష్టమునకును భేదము లేదు.

ఇట్టి సీమలో పంట ఎండిన సంవత్సరమున రైతును ఆదుకొనునది బ్యాంకు ఋణము, పంటల బీమా, ప్రభుత్వ సహాయము. ఇవన్నియు రికార్డులో ఎవరి పేరు కలదో చూచి వచ్చునవి. సర్ థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా ఉండి, పొలములు కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు ఏర్పాటు చేసికొను రైత్వారీ పద్ధతిని ఇచట నెలకొల్పెను. నేటికిని సర్కారు రైతును గుర్తించునది పట్టాలోని పేరును బట్టియే. పోయినవారి పేరు అట్లే ఉండిపోయిన యెడల, భూమి దున్నుచున్న బిడ్డలు కాగితము మీద భూమి లేనివారగుదురు. బోరు మోటారునకు గల విద్యుత్తు కనెక్షను సైతము గతించినవారి పేరనే నిలిచిపోవును.

న్యాయవాది అక్కరలేని పనులు

న్యాయవాదిని వెదకుటకు ముందు, న్యాయవాది అవసరమా అని చూచుకొనుడు. మరణమును 21 దినములలోగా నమోదు చేయించుట మొదటి పని. మరణ ధ్రువపత్రము, తహశీల్దారు కార్యాలయము నుండి కుటుంబ సభ్యుల ధ్రువపత్రము పొందుట తరువాతి పని. ఈ రెండును లేక ఏ న్యాయవాదియు ముందునకు సాగలేరు. ఈ రెండింటికిని ఏ న్యాయవాదియు అక్కరలేదు.

భూమి హక్కుల, పట్టాదారు పాసు పుస్తకముల చట్టము 1971లో వచ్చినది. హక్కు సంక్రమించిన వారు 90 దినములలోగా ఆ సంగతిని రెవెన్యూ అధికారికి తెలుపవలెనని అందు కలదు. వారసులందరును ఏకాభిప్రాయముతో ఉన్న యెడల తహశీల్దారు విచారించి పేర్లు మార్చును. ఆ ఉత్తర్వు నచ్చనివారు రెవెన్యూ డివిజనల్ అధికారికి అప్పీలు చేసికొనవచ్చును.

ఒక విషయము మాత్రము మరువరాదు. పాసు పుస్తకములో పేరు మారినంత మాత్రమున భూమి అంతయు ఆ ఒక్కనిదే కాదు. పెద్దకుమారుని పేర రికార్డు ఎక్కినను, చట్టప్రకారము వాటా గలవారి హక్కు పోదు. అయినను తరువాత దానిని రుజువు చేసికొనుటకు కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చును. కనుక పేరు మార్పునకై అంగీకార పత్రము మీద సంతకము చేయునపుడే, అందలి ప్రతి పంక్తిని ఒకరిచేత చదివించుకొని వినవలెను.

న్యాయవాది అవసరమగు పనులు

వారసుల మధ్య తగవు ఉన్నపుడు, వీలునామా నిజమైనది కాదని ఒకరు అన్నపుడు, భాగపరిష్కారమునకు దావా వేయవలసినపుడు, రిజిస్టరు పత్రము వ్రాయించునపుడు న్యాయవాది సలహా తప్పదు. పోయినవారికి రావలసిన బాకీలు, డిపాజిట్లు వసూలు చేయుటకు బ్యాంకు గాని ఋణస్థుడు గాని కోర్టు పత్రము కోరినపుడు, 1925 నాటి భారత వారసత్వ చట్టము క్రింద సక్సెషన్ సర్టిఫికెట్టు పొందవలెను. ఇది బాకీలకు, డిపాజిట్లు మొదలగువానికి సంబంధించినది. భూమిని పంచునది కాదు. భూమి తగవునకు ఇదియే చాలునని చెప్పి సొమ్ము తీసికొనువారిని నమ్మవలదు.

వీలునామాకు కనీసము ఇద్దరు సాక్షుల సంతకములు కావలెను. దానికి రిజిస్ట్రేషను నిర్బంధము కాదు. మన జిల్లాలలో హిందువుల వీలునామాకు ప్రొబేటు పొందవలెనను నిర్బంధమును లేదు. తగవు వచ్చినపుడు సాక్షులలో ఒకరైనను కోర్టులో పలుకవలసి వచ్చును గనుక, వారు ఎచట ఉన్నారో మొదటనే తెలిసికొని న్యాయవాదికి చెప్పుడు.

ఇక్కడ హిందూ వారసత్వమును గూర్చియే ఎక్కువగా చెప్పుచున్నాము. ముస్లిం సోదరులకు వారి ధర్మశాస్త్రము, క్రైస్తవ సోదరులకు 1925 నాటి చట్టము వర్తించును. లెక్క వేరైనను, న్యాయవాదిని ఎన్నుకొను పద్ధతి ఒక్కటియే.

పది ఎకరముల లెక్క

ఒక్క న్యాయవాది ఇంటివారందరికిని చాలరా అని మీరు అడుగవచ్చును. ఒక కుటుంబమును ఊహించి లెక్క వేసి చూతము. తండ్రి వీలునామా వ్రాయక గతించెను. ఆయనకు తల్లి, భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. మెట్టభూమి 10 ఎకరములు.

ఆ భూమి ఆయన స్వార్జితమైన యెడల, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము తల్లి, భార్య, ముగ్గురు బిడ్డలు, అనగా ఐదుగురును సమాన వారసులు. ఒక్కొక్కరికి 2 ఎకరములు.

అదే భూమి పిత్రార్జితమై, పంపకము కాని ఉమ్మడి ఆస్తియైన యెడల లెక్క మారును. తండ్రి, ఇద్దరు కుమారులు, కుమార్తె నలుగురును సమభాగస్థులు. ఒక్కొక్కరిది రెండున్నర ఎకరములు. తండ్రి భాగమైన రెండున్నర ఎకరములు మాత్రమే ఐదుగురి మధ్య చీలి, తలకు అర ఎకరము చొప్పున వచ్చును. అప్పుడు బిడ్డలు ఒక్కొక్కరికి 3 ఎకరములు. భార్యకు అర ఎకరము, తల్లికి అర ఎకరము.

చూచితిరా! భూమి అదే, మనుష్యులు వారే. "స్వార్జితము" అను మాట నిలిచిన యెడల ఇల్లాలికి 2 ఎకరములు. "పిత్రార్జితము" అను మాట నిలిచిన యెడల అర ఎకరము. బిడ్డలకు పిత్రార్జితమనుట లాభము, తల్లికి స్వార్జితమనుట లాభము. బిడ్డలకు తల్లి మీద ప్రేమ లేదని మేము అనము. కాని కుమారుడు పెట్టుకొన్న న్యాయవాది కుమారుని వాటాను కాపాడుటకు బద్ధులు. అదే న్యాయవాది తల్లి వాటా కొఱకు కుమారుని మీద వాదింపజాలరు. ఒక పక్షమునకు సలహా ఇచ్చినవారు అదే వ్యవహారమున ఎదుటి పక్షమున నిలువరాదని భారత బార్ కౌన్సిల్ నియమములలోనే కలదు. అందరి మాటయు ఒక్కటైనపుడు ఒక్క న్యాయవాది చాలును. భూమి ఎట్లు వచ్చినదను విషయమున మాట వేరైన దినముననే తల్లికి వేరు న్యాయవాది ఉండవలెను.

కుమార్తెల విషయమును చెప్పవలసి యున్నది. 1986లో చేసిన సవరణ ద్వారా మన రాష్ట్రము, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమభాగము కల్పించెను. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను పెండ్లియైన వారికిని ఆ హక్కు వచ్చినది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని, ఆ హక్కు పుట్టుకతో వచ్చినదని 2020 ఆగస్టు 11న సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా ముగిసిన పంపకములు మాత్రము కదలవు. "కట్నము ఇచ్చితిమి గనుక ఆడబిడ్డకు వాటా లేదు" అను మాట రచ్చబండ మీద చెల్లవచ్చును గాని, కోర్టులో చెల్లదు.

ఒక్క వాక్యము, ముప్పది మూడు సంవత్సరములు

నెల్లూరు నుండి పోయిన ఒక వ్యాజ్యమును న్యాయవాదులు తులసమ్మ కేసు అని వ్యవహరింతురు. ఆమె భర్త 1931లో గతించెను. 1944లో ఆమె కోర్టు రుసుము చెల్లింపలేని పేదరాలిగా, మనోవర్తికై నెల్లూరు మునసబు కోర్టునకు పోయెను. 1949లో రాజీ కుదిరినది. కొంత ఆస్తి ఆమెకు వచ్చినది. కాని జీవించినంత కాలము అనుభవించుటయే గాని అమ్ముటకు హక్కు లేదని రాజీలో వ్రాయబడెను. ఆనాటి చట్టము అట్టిదే గనుక, ఆ వాక్యము వ్రాసినవారిని తప్పు పట్టనక్కరలేదు.

1956లో కొత్త చట్టము వచ్చినది. 1961లో ఆమె ఆస్తిలో కొంత అమ్మగా, రాజీలోని వాక్యమును చూపి ఎదుటి పక్షము దావా వేసెను. అది మునసబు కోర్టు, జిల్లా కోర్టు, హైకోర్టు దాటి సుప్రీం కోర్టునకు చేరెను. మనోవర్తి హక్కునకు బదులుగా స్త్రీకి ఇచ్చిన ఆస్తి 1956 చట్టముతో ఆమెకు సంపూర్ణ స్వంతమైనదని 1977 మార్చి 17న తీర్పు వచ్చినది. కోర్టునకు పోయిన నాటి నుండి 33 సంవత్సరములు గడచెను. ఆ తీర్పు దేశమందలి ఎందరో వితంతువులకు రక్షణయైనది. కాని మనము నేర్వవలసినది ఇది: రాజీ పత్రములోని ఒక్క వాక్యము మనిషి జీవితములో సగము తినివేయగలదు. ఆ వాక్యమును మనకు చదివి, అర్థము చెప్పి, "ఇది మీకు సమ్మతమేనా?" అని అడుగు న్యాయవాదియే మనకు కావలసినవారు.

ఎట్లు ఎన్నుకొనవలెను?

భూమి ఏ కోర్టు పరిధిలో కలదో ఆ కోర్టులోనే భూమి దావా నడచును. సంతానము బెంగుళూరులో స్థిరపడినను, భూమి కదిరిలో ఉన్న యెడల కదిరి భూమి దావా బెంగుళూరులో వేయుటకు వీలు లేదు. కనుక ఆ కోర్టులో నిత్యము పనిచేయు న్యాయవాదులలో, సివిలు వ్యాజ్యములు, భూమి రికార్డులు తెలిసినవారిని విచారింపుడు. క్రిమినలు కేసులలో పేరు పొందినవారు భాగపరిష్కారపు దావాలోను దిట్టలు కావలెనని లేదు. గ్రామములో అట్టి వ్యాజ్యము నడపి ముగించుకొన్నవారిని అడుగుడు. గెలిచిరా ఓడిరా అని మాత్రమే కాదు, "మీ వకీలు వాయిదా సంగతి చెప్పుచుండిరా? డబ్బుకు రసీదు ఇచ్చిరా? మీ మాట వినిరా?" అని అడుగుడు.

1961 నాటి న్యాయవాదుల చట్టము ప్రకారము రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో చేరినవారే న్యాయవాదులు. ప్రతివారికి ఒక నమోదు సంఖ్య ఉండును. అడుగుటలో అమర్యాద లేదు. న్యాయవాదులు దళారులను పంపి కేసులు సేకరించుట నియమములకు విరుద్ధము. కోర్టు ఆవరణలోనో బస్టాండులోనో ఎదురై చేయి పట్టుకొని తీసికొనిపోవు మధ్యవర్తిని దూరముగా ఉంచుడు. అట్టివాని ప్రతిఫలము కడకు మీ ఖర్చులోనే చేరును.

మొదటిసారి పోవునపుడు మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, పాసు పుస్తకము, పాత పట్టా, దస్తావేజులు, అప్పు కాగితములు, వారసులందరి పేర్లు గల జాబితా తీసికొనిపోవుడు. భూమి ప్రభుత్వము ఇచ్చిన డి-పట్టా భూమి అయిన యెడల ఆ సంగతి తప్పక చెప్పుడు. అది వారసులకు సంక్రమించును గాని, దాని అమ్మకమునకు 1977 నాటి ప్రత్యేక చట్టము కలదు. అప్పులను దాచవలదు. పోయినవారి అప్పునకు వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. వారి స్వంత కష్టార్జితమునకు దానితో సంబంధము లేదు.

పిమ్మట మూడు ప్రశ్నలు అడుగుడు. మా పని కోర్టునకు పోకుండ ముగియు మార్గము కలదా? పోయిన యెడల మాకు ఎదురగు బలహీనత ఏది? మొత్తము ఖర్చు ఎంత, ఏయే దశలో ఎంత? "తప్పక గెలిపింతును" అని మొదటి దినముననే మాట ఇచ్చువారికంటె, మీ బలహీనతను ముఖము మీద చెప్పువారే నమ్మదగినవారు.

ఫీజు, కాగితములు, సంతకములు

కోర్టు రుసుము వేరు, న్యాయవాది ఫీజు వేరు, గుమాస్తా ఖర్చులు వేరు. మూడింటిని వేరువేరుగా వ్రాయించుకొని, చెల్లించిన ప్రతిసారి రసీదు పొందుడు. గెలిచిన పిమ్మట భూమిలో ఇంత భాగము ఇమ్మని న్యాయవాది ఒప్పందము చేసికొనరాదని బార్ కౌన్సిల్ నియమము. ఇప్పుడు చేతిలో డబ్బు లేదను కారణమున అట్టి ఒప్పందమునకు తల ఊపిన యెడల, కరువు మిగిల్చిన భూమిని వ్యాజ్యము తినును.

వకాలతునామా అనగా కోర్టులో మీ తరఫున పనిచేయుటకు న్యాయవాదికి ఇచ్చు అధికారము. జనరల్ పవరు పత్రము అనగా మీ ఆస్తిని అమ్ముటకు సైతము వేరొకరికి అధికారము ఇయ్యగల పత్రము. ఈ రెండింటిని ఒకటిగా భ్రమింపరాదు. వకాలతులో రాజీ చేయు అధికారము వ్రాసియుండిన యెడల దాని అర్థమును అడిగి తెలిసికొనుడు. "నన్ను అడుగక రాజీ చేయరాదు" అని స్పష్టముగా చెప్పుడు. ఖాళీ కాగితము మీద సంతకము గాని వ్రేలిముద్ర గాని ఎవరికిని, కన్నకొడుకునకైనను, ఇయ్యవలదు.

అసలు పత్రములకు బదులు నకళ్లు ఇయ్యుడు. అసలు ఇయ్యక తప్పనపుడు జాబితా వ్రాసి సంతకము పొందుడు. కేసు నమోదైన పిమ్మట దానికి 16 అక్షరముల, అంకెల గుర్తింపు సంఖ్య వచ్చును. ఆ సంఖ్యతో వాయిదా తేదీని సెల్‌ఫోనులోనే చూడవచ్చును. బడికి పోవు పిల్లవాడు చూచి చెప్పగలడు. ఒక దినము కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోవు శ్రమ తప్పును.

న్యాయవాది మీద నమ్మకము పోయిన యెడల మార్చుకొను హక్కు మీకు కలదు. ఫీజు బాకీ కలదను కారణమున కేసు కాగితములను బిగబట్టుటకు న్యాయవాదికి హక్కు లేదని సుప్రీం కోర్టు 2000 సంవత్సరమున తీర్పు చెప్పినది. తీవ్రమైన దుష్ప్రవర్తన కనబడినపుడు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చును.

డబ్బు లేనివారికి దారి

"ఇన్ని చెప్పితిరి, మా వద్ద ఫీజునకు డబ్బు ఏది?" అను ప్రశ్న న్యాయమైనది. న్యాయ సేవా ప్రాధికార సంస్థల చట్టము 1987లో ఆమోదము పొంది, 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చినది. దాని 12వ సెక్షను ప్రకారము స్త్రీలకు, బాలబాలికలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము కలదు. మన సీమవారు గుర్తుంచుకొనవలసిన మాట మరియొకటి ఆ సెక్షనులో కలదు: వరద, భూకంపములతోపాటు కరువు వాత పడినవారిని సైతము అది అర్హులుగా పేర్కొన్నది. వానలు ముఖము చాటుచేసిన రైతు భిక్షము అడుగుట లేదు. చట్టము తన కొఱకు వ్రాసిన పంక్తిని చూపుచున్నాడు.

జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవా సంస్థకు, లేక దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీకి తెల్లకాగితము మీద దరఖాస్తు వ్రాసి ఇయ్యవచ్చును. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను దారి చెప్పుదురు. న్యాయవాదిని వారే నియమింతురు. ఫీజు, కోర్టు రుసుము వారే భరింతురు. ఉచితముగా వచ్చినవారు గదా అని అడుగుటకు జంకవలదు. ఇంతవరకు చెప్పిన ప్రశ్నలన్నియు వారిని కూడ అడుగవచ్చును.

అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఒక మాటకు రాగల సూచన ఉన్నపుడు లోక్ అదాలత్ మేలైన మార్గము. దావా వేయకముందే అచటికి పోవచ్చును. నడచుచున్న కేసు అచట పరిష్కారమైన యెడల కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. కాని అచటి అవార్డు కోర్టు డిక్రీతో సమానము; దాని మీద అప్పీలు లేదు. కనుక అక్కడ సంతకమునకు ముందే ఆలోచన చేయవలెను.

సోదరీ సోదరులారా! పది ఎకరముల మెట్ట ఇతర సీమలలో గొప్ప ఆస్తి కాకపోవచ్చును. ఇచట అది ఒక కుటుంబపు తరతరముల చెమట. పంపకము దినమున ఇంట అందరికంటె మెల్లగా మాటలాడునది ఆ ఇంటి తల్లి. గ్రామ పెద్దలు చేయదగిన ఉపకారము ఒక్కటి కలదు. ఆమె పేర ఎవరో వకీలు వద్దకు పోయి వచ్చిరని విన్నపుడు, ఆమెను అడుగుడు: "అమ్మా, నీవు స్వయముగా ఆ వకీలుతో మాటలాడితివా?" లేదని ఆమె అనిన యెడల, సంతకము ఒక దినము ఆపించి, ఆమెను వెంటబెట్టుకొని పోవుడు.